పక్కకి చూడలేని రోజుల్లో

మచిలీపట్నంలో ఫిజియోథెరపీ క్లినిక్‌కి వెళ్లిన మొదటిరోజే ధీరజ్‌కి పక్క కుర్చీలోని అమ్మాయి మీద కోపం వచ్చింది. ఫ్యాన్ తగ్గించమంటారా అని మర్యాదగా అడిగితే ఆమె తలైనా తిప్పలేదు. కాసేపటికి లేచి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. అతని మెడకున్నట్టే ఆమె మెడకీ కాలర్ ఉంది.

"అడిగింది నన్నేనా అండీ? పక్కకి చూడలేక లేవాల్సి వచ్చింది."

ఇద్దరూ నవ్వబోయి, నొప్పికి ఆగిపోయారు.

ఆమె పేరు పూర్ణిమ. కూచిపూడిలో పిల్లలకు నాట్యం నేర్పుతుంది. మెడలో డిస్క్ జారి ఒక నరాన్ని నొక్కడంతో కుడిచెయ్యి తిమ్మిరెక్కేది. చిన్న కోత పెట్టి, సన్నని గొట్టం గుండా ఆపరేషన్ చేశారు. ధీరజ్‌ది పెడన. తండ్రి శోభనాద్రితో కలిసి కలంకారీ బట్టల మీద అచ్చులు వేస్తాడు. అతనికి ఏకంగా వెన్నుపాము మీదే చాలాచోట్ల ఒత్తిడి. వేళ్లలో పట్టు పోయి అచ్చులు జారిపోతుంటే, మెడ వెనక పెద్ద కోతతో ఓపెన్ సర్జరీ చేశారు.

పూర్ణిమ త్వరగానే అటూ ఇటూ చూడసాగింది. తన కుట్లు బొట్టుబిళ్లంతే ఉన్నాయని అతన్ని ఆటపట్టించేది. ధీరజ్‌కి ఉడుకుమోత్తనం వచ్చి, తనకీ అలాంటిదే ఎందుకు చేయలేదని ఫిజియోథెరపిస్టు జాన్సన్‌ని నిలదీశాడు.

"ఆవిడకి ఒక్క నరమే కదండీ. మీకు అంత మేరా వెన్నుపాముకి చోటివ్వాలంటే తెరవక తప్పదు. కండరాలు కోలుకోవడానికి టైం పడుతుంది," అన్నాడు జాన్సన్.

ఆ తర్వాత నుంచి పూర్ణిమ ఆటపట్టించడం మానేసింది. తన వ్యాయామం అయిపోయినా అతనిది అయ్యేదాకా కబుర్లు చెబుతూ కూర్చునేది.

కొన్నాళ్లకు ఆమెకు థెరపీ అవసరం లేకపోయింది. ధీరజ్ వేళ్లకి పట్టు తిరిగి వచ్చింది గానీ, మెడ పూర్తిగా తిరగకపోవచ్చని జాన్సన్ నెమ్మదిగా చెప్పాడు. అప్పటి నుంచి అతను పూర్ణిమ ఫోన్లు ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం, వానలో తడుస్తూ ఆమె పెడనలో బస్సు దిగి, నేరుగా వాళ్ల అద్దకం షెడ్డుకి వచ్చింది. శోభనాద్రి కంగారుగా తువ్వాలు అందించాడు.

"ఫోన్ ఎత్తడానికి కూడా మెడ తిప్పాలా అండీ?" అంది ధీరజ్‌తో. మొన్న మళ్లీ నాట్యం చేశానని, అందరూ మెచ్చుకున్నారని, ముందుగా చెప్పాలనుకున్న మనిషే పలకలేదని చెప్పింది. చెబుతుంటే ఆమె కళ్లు నిండాయి.

"నా మెడ ఇంతకంటే తిరగదట. డాన్సు చేసే మీకు నాలాంటివాడు..." అని ఆగాడు ధీరజ్.

"నేను పెళ్లి చేసుకోవాలనుకుంటోంది మీ మెడని కాదు."

అనేశాక, పెద్దాయన అక్కడే ఉన్నాడని గుర్తొచ్చి ఆమె తువ్వాల్లో మొహం దాచుకుంది.

శోభనాద్రి చేతిలోని అచ్చు పక్కన పెట్టాడు. "వాన తగ్గేదాకా ఉండమ్మా. ఈలోగా మీ అమ్మగారితో నేను మాట్లాడతాను. నంబరు చెప్పు."

పూర్ణిమ చెప్పింది. అవతల ఫోన్ మోగుతుండగా ధీరజ్ తేరుకుని, ఎవరూ అడగకపోయినా, తనకీ ఇష్టమేనని చెప్పాడు.