బిగించకుండా పెట్టిన గీత

ఆమోసు ముందు చక్రాన్ని ఎత్తి దాని చోట పెట్టాడు. నాలుగు నట్లూ చేత్తోనే తిప్పి జాకీ దించాడు. పాత చిన్న కారు ఉస్సురంటూ నేల మీద కూర్చుంది.

"బ్రేకుల పని అయిపోనాదా నాన్నా?" టార్చి ఆర్పుతూ అడిగింది లిన్ని.

"అయిపోనాది. ఈ చక్రం నట్లు గట్టిగా బిగిస్తే బండి రెడీ."

బడిలో ఆమె పేరు ఎవాంజలిన్. ఇంట్లో మాత్రం లిన్ని. ఐదో క్లాసు చదువుతోంది. వాళ్ల నాన్న ఆమోసు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. సెలవు రోజున ఝపటాపూర్‌లోని ఇంటి ముందు తన కారు తనే బాగుచేసుకుంటాడు. మామ్మకు మోకాళ్లు సరిగ్గా వంగవని ముందు సీటు కింద చెక్కలు పెట్టి ఎత్తు చేశాడు. పట్టుకుని లేవడానికి తలుపు పక్కన ఒక ఇనుప పిడి కూడా బిగించాడు.

ఆమోసుకు వర్క్‌షాపులో పడిన అలవాటు ఒకటుంది. నట్టును ఒంటి బలమంతా పెట్టి బిగించాక దాని మీద సుద్దముక్కతో ఒక గీత పెడతాడు. గీత ఉందంటే ఆ పని పూర్తయినట్టే. మిగతా మూడు చక్రాల నట్ల మీదా అప్పటికే గీతలున్నాయి.

ఆ సాయంత్రం మామ్మ చెల్లెలు ఎస్తేరమ్మ ఎక్కిన రైలు ఖరగ్‌పూర్ మీదుగా వెళ్తుంది. ఆవిడ విశాఖపట్నం వదిలి, కొడుకు సిరిల్‌తో గౌహతి వెళ్లిపోతోంది. రైలు ఇక్కడ కాసేపే ఆగుతుంది. అక్కచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకుని ఏళ్లయింది. పొద్దుటి నుంచీ మామ్మ వంటింట్లోంచి కదల్లేదు. చెల్లెలికి ఇష్టమని ఎండు మెత్తళ్ల చేపలు వేయించి, అన్నంతో పాటు స్టీలు కేరేజీలో సర్దింది.

ఆమోసు చక్రాల పానా చేతిలోకి తీసుకున్నాడో లేదో, గోడ అవతలి నుంచి పక్కింటి బిషూ దాదా ఒక్కసారి రమ్మని కేకేశాడు.

"ఆమోస్‌దా, ఎక్‌బార్ ఆసున్ నా! నీళ్ల పంపు మళ్లీ ఆగిపోయింది!"

"ఇక్కడే ఉండమ్మా. నేనొచ్చి బిగిస్తాను," అని ఆమోసు అటు వెళ్లాడు.

అప్పుడే లిన్ని పిన్ని కొడుకు రాబిన్ సైకిల్ మీద వచ్చాడు.

"ఏటే, టార్చి డ్యూటీ దిగిపోనావా?"

"టార్చి ఒక్కటే కాదు. నట్లు కూడా బిగిస్తాను నేను."

"నువ్వా? మీ నాన్న నీకు సుద్దముక్క కూడా ఇవ్వడు. హెల్పర్‌వే నువ్వు! ఉత్త హెల్పర్‌వి!"

బెల్లు కొట్టుకుంటూ వీధి చివరికి వెళ్లిపోయాడు.

లిన్నికి ముఖం వేడెక్కింది. పానా తీసి మొదటి నట్టుకు తగిలించింది. రెండు చేతులతో లాగింది. నట్టు కొంచెం తిరిగి ఆగింది. సుద్దముక్కతో గీత పెట్టింది. రెండో నట్టు దగ్గర అరచేతులు మండాయి. భుజాలు నొప్పెట్టాయి. దాని మీదా గీత పెట్టింది.

"లిన్నీ! ఇంకా తానం సెయ్యలేదేటే?" లోపలి నుంచి మామ్మ అరిచింది.

ఇంకా రెండు నట్లు మిగిలాయి. నాన్న ఎలాగూ చూసుకుంటాడులే అనుకుంది లిన్ని. పానా తగిలించకుండానే వాటి మీద కూడా గీతలు పెట్టింది. అచ్చం నాన్న పెట్టినట్టే, కొంచెం ఏటవాలుగా.

ఆమోసు తిరిగొచ్చేసరికి ఆలస్యమైపోయింది. చక్రం వైపు వంగి చూశాడు. నట్ల మీద గీతలు కనబడ్డాయి. "బిగించేసినానా?" అని గొణుక్కున్నాడు. గీతలున్నాయి కదా అనుకున్నాడు. పానా డిక్కీలో పడేసి చొక్కా మార్చుకోవడానికి లోపలికి పరిగెత్తాడు.

స్నానం చేసి వచ్చిన లిన్ని ఇది గుమ్మంలోంచి చూసింది. కారెక్కేటప్పుడు చెప్పేద్దామనుకుంది. కానీ రాబిన్ మళ్లీ వచ్చి గేటు దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. చెప్పలేదు.

స్టేషన్ దారిలో సగం దూరం వెళ్లాక కారు కింద ఏదో కొట్టుకున్న చప్పుడు వచ్చింది. టక్, టక్, టక్. స్టీరింగు వణికింది. ఆమోసు కారును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. దిగి చూస్తే ఒక నట్టు లేదు. ఇంకొకటి ఊడేలా ఉంది. ఊడబోయే నట్టు మీద తెల్లటి గీత స్పష్టంగా ఉంది.

ఆమోసు ఆ గీతనే చూస్తూ ఉండిపోయాడు.

"రైలుకి టైమైపోతందిరా ఆమోసూ," అంది మామ్మ.

టోటో అనే బ్యాటరీ రిక్షాను ఒకదాన్ని ఆపి మామ్మనూ లిన్నినీ ఎక్కించాడు. "మీరు పదండి. నేను నట్టు ఎతికి, బండి తీసుకుని వస్తాను."

స్టేషన్లో వంతెన మెట్లు మామ్మ ఒక్కొక్కటే ఎక్కింది. ఒక చెయ్యి లిన్ని భుజం మీద, ఇంకో చేతిలో కేరేజీ. కేరేజీ తనకిమ్మంటే ఇవ్వలేదు. అటు దిగి ప్లాట్‌ఫాం మీద కాలు పెట్టేసరికి రైలు కదిలింది.

మామ్మ చెయ్యెత్తింది. చెల్లెలు ఏ కిటికీ దగ్గరుందో తెలియదు. అందుకని వెళ్తున్న కిటికీలన్నింటికీ చెయ్యి ఊపింది. ఎవరో తెలియని పిల్లలు తిరిగి ఊపారు. ఆఖరి పెట్టె దాటిపోయాక కూడా మామ్మ చెయ్యి వెంటనే దించలేదు.

ఇంటికొచ్చాక కేరేజీ ఎవరూ విప్పలేదు. మామ్మ మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుంది. కారు తెచ్చి నిలిపిన ఆమోసు మెట్టు మీద కూర్చున్నాడు. సిరిల్ ఫోన్ నుంచి ఎస్తేరమ్మ ఫోన్ చేసింది.

"నాదే తప్పు పిన్నీ," అన్నాడు ఆమోసు. "బిగించకుండానే గీత పెట్టేసినాను. పెట్టినట్టు కూడా గుర్తు లేదు. వర్క్‌షాపులో నా గీత సూసే రైలు పెట్టెల్ని బయటికి పంపుతారు. మతి ఇలాగైపోతే ఎలాగ? రేపు ఫోర్‌మన్‌కి సెప్పి ఆ పనిలోంచి తప్పుకుంటాను."

లిన్నికి లోపలి గదిలోకి పారిపోవాలనిపించింది. వెళ్లలేదు. నాన్న ముందుకు వచ్చి చెయ్యి చాపింది.

"ఫోన్ ఇయ్యి నాన్నా."

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "చిన్నమామ్మా, ఆ గీతలు నాన్న పెట్టలేదు. నేను పెట్టినాను. రెండు నట్లు బిగించలేక వదిలేసినాను. గీత మాత్రం పెట్టినాను. నాన్న సూసుకోలేదని తెలిసి కూడా సెప్పలేదు."

ఆమోసు తలెత్తాడు. కూతురి ముఖంలోకి చూశాడు.

"నీ గీత అచ్చం నా గీతలాగే ఉందే," అన్నాడు. ఆ మాటలో మెచ్చుకోలు లేదు. తలవంచుకుని అన్నాడు, "నేనూ సెయ్యి పెట్టి సూడలేదు."

ఫోన్‌లో రైలు చప్పుడు వినిపిస్తోంది.

"నేను తలుపు కాడే నిలబడ్డానే," అంది ఎస్తేరమ్మ. "బండి కదిలినా లోపలికి రాలేదు. సిరిల్ తిడతన్నా రాలేదు."

"తప్పయిపోనాది చిన్నమామ్మా."

"ఊఁ." ఆవిడ ముక్కు చీదుకుంది. "మా అక్క ఏం సేస్తంది?"

"మంచం మీద కూకుంది."

"ఏడుస్తందేటి?"

లిన్ని మామ్మ వైపు చూసింది. లేదని చెప్పేస్తే ఎంత తేలికగా ఉంటుందో అనిపించింది.

"అవును," అంది.

"అయితే దానికియ్యి."

మామ్మ చేతులు కన్నీళ్లతో తడిసి ఉన్నాయి. ఫోన్ పట్టు చిక్కడం లేదు. లిన్ని పక్కనే నిలబడి ఫోన్‌ను మామ్మ చెవికి ఆనించి పట్టుకుంది.  అక్కచెల్లెళ్లు మెల్లగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఎంతసేపటికీ ఆపలేదు. లిన్నికి చెయ్యి పీకడం మొదలైంది. భుజం నొప్పెట్టింది.

ఆమె చెయ్యి దించలేదు.