ఇనప బాల్కనీ ముందు ఆర్పని లైట్లు

రాజధాని పాతపేటలో, మలుపు తిరిగేచోట, ఇనప బాల్కనీ ఉన్న మేడొకటి ఉంది. దాని పేరెత్తితే చాలు, కార్ల స్టాండులో ఎంత పోటుగాడికైనా గొంతు సన్నబడిపోయేది. ముందు తలుపు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. కానీ చీకటి పడిందంటే... పైన బాల్కనీలో ఒక దీపం కదులుతుంది. దీపం వెనకాల, తెల్లగా ఒక ఆకారం!

ప్రియుడి కోసం చూసి చూసి ప్రాణం వదిలిన అమ్మాయని కొందరు, గొంతు నులిమేసే పిశాచమని కొందరు. నాకు మొదటిదే ఇష్టం. ఎంత బావుంటుందో కదా, చచ్చిపోయాక కూడా ఎదురుచూడటం...

ఇది మా పిన్ని చెప్పగా విన్నది. పిన్ని అబద్ధమాడదు. ఆడబోతే నవ్వొచ్చి దొరికిపోతుంది.

పిన్నిది పైకప్పు లేని కారు. ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళని ఎక్కించుకుని అద్దాల మేడల మధ్య నుంచి, పెద్ద గుమ్మటం ఉన్న శాసనసభ ముందు నుంచి, వంతెన మీదుగా పాతపేటలోకి తిప్పి తెస్తుంది. రాత్రిపూట ఆ దారి... అబ్బ! ఏటి నీళ్ళలో మేడల లైట్లన్నీ ఒలికిపోయినట్టుంటాయట. నాకు పెళ్ళంటూ అయితే ముందు ఆ కారే ఎక్కుతాను.

స్టాండు వరసలో నిలబడితేనే బేరాలు. ఆ వరసలో చోటు కోసం పిన్ని చెప్పులరిగేలా తిరిగింది. చివరికి స్టాండు పెద్ద ఒప్పుకున్నాడు. అందరూ ఆయన్ని పెద్దన్న అంటారు. అయితే ఒక కట్టుబాటు పెట్టాడు.

"చెల్లెమ్మా, ఇనప బాల్కనీ దగ్గరికి రాగానే లైట్లన్నీ ఆర్పెయ్యి. హారన్ కొట్టకు. తలెత్తకు. బండి ఉరికించెయ్యి."

"ఎందుకన్నా?"

పెద్దన్న అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "దాని కళ్ళలో లైటు పడిందా... బండెక్కి మన వెంటే వచ్చేస్తుంది. మొదట్నుంచీ ఇదే పద్ధతి. నువ్వు ఆర్పలేదని తెలిసిందో — ఈ వరసలో నీకు చోటుండదు."

పిన్ని ఊరుకుంటుందా?

"మలుపులో లైట్లార్పితే దెయ్యం సంగతి దేవుడెరుగు, ఎదురొచ్చేవాడు దెయ్యమైపోతాడు. బతికున్నవాళ్ళకే తల వంచలేదన్నా నేను. చచ్చినవాళ్ళకి వంచుతానా?"

"మొండిఘటం" అని గొణుక్కున్నాడట పెద్దన్న.

ఆ రాత్రి కొత్తగా పెళ్ళైన జంట ఒకటి పిన్ని బండెక్కింది. వంతెన దిగారు. నున్నటి రోడ్డు అయిపోయి రాళ్ళు పరిచిన వీధి మొదలైంది. టైర్ల కింద గడగడ... రెండువైపులా మేడలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ... వీధిదీపం ఒక్కటి లేదు.

ముందు పోతున్న కారు మలుపు దగ్గర చటుక్కున చీకట్లో కలిసిపోయింది. లైట్లార్పేశాడు!

పిన్ని చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోయిందట.

"భయం వెయ్యలేదా పిన్నీ?"

"వెయ్యకపోవడానికి నేనేమన్నా బండరాయినా? వేసింది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది."

చెయ్యి వెనక్కి తీసుకుంది. లైట్లు ఆర్పలేదు సరికదా, పెద్దవి వేసింది. హారన్ కొట్టింది. బండి ఆపింది — సరిగ్గా ఆ మేడ ముందు!

పైన దీపం...

దీపం వెనక విరబోసుకున్న తెల్లజుట్టు... మెల్లగా పైకి లేచింది ఒక చెయ్యి...

పెళ్ళికొడుకు సీటు కిందకి దూరిపోయాడు. "లేవండీ, నా కాలు తొక్కేస్తున్నారు" అని గుసగుసలాడింది పెళ్ళికూతురు.

"ఎవరది?" అని కేకేసింది పిన్ని. గొంతు వణికిందట. వణికినా కేకే. "వస్తే కిందికి రా! లేకపోతే ఊరుకో! నేను మాత్రం లైట్లార్పను!"

దీపం బాల్కనీ అంచుకి వచ్చింది.

పైనుంచి సన్నటి గొంతు వచ్చింది. "నువ్వు... మనిషివేనా?"

తను అడగాల్సిన మాట అది అడుగుతుందేమిటి!

"బండికి లైట్లున్నాయే!" అందా గొంతు, నవ్వో ఏడుపో తెలీకుండా. "పోకమ్మా... వస్తున్నా..."

నాకు ఒళ్ళు జలదరించింది. "ప్రియుడి కోసం చచ్చిపోయిన పిల్లే కదా పిన్నీ?"

"నీ మొహం. కుట్టుపని చేసుకునే ముసలమ్మ. నోరు మూసుకుని విను."

పక్క సందులోంచి లాంతరుతో వచ్చింది ఆవిడ. మెడలో కొలతల టేపు, భుజం మీద బట్టకి గుచ్చిన సూదులు. ముందు తలుపు బిగుసుకున్నాక రాకపోకలన్నీ వెనక సందులోంచేనట. మేడకి కరెంటు ఎప్పుడో తీసేశారట. రాత్రిళ్ళు కాస్త గాలికి బాల్కనీలోకి వస్తే —

"రోజూ దెయ్యపు బండ్లు తల్లీ! లైటుండదు, హారనుండదు. తోలేవాడి తల వాలిపోయి ఉంటుంది. నా గుమ్మం ముందే రివ్వున పోతాయి. వెలుతురు చూస్తే దెయ్యాలు పారిపోతాయంటారుగా... దీపం పైకెత్తి చూపించేదాన్ని. ఇంకా జోరుగా పారిపోయేవి!"

ఈవిడ దీపం చూసి వాళ్ళు లైట్లార్పడం, లైట్లు లేవని ఈవిడ దీపం ఎత్తడం! పిన్ని స్టీరింగు మీద వాలిపోయి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్విందట.

"మరి భయపడుతూ రోజూ బయటికెందుకొచ్చావు పెద్దమ్మా?"

"నా బాల్కనీ అమ్మా అది. దెయ్యాలు తిరుగుతున్నాయని నేను లోపల దాక్కోవాలా?"

పిన్ని ముందు సీటు తలుపు తీసింది. "ఎక్కు. ఊరు చూపిస్తా."

ఆవిడ ఆ పేట దాటి ఎన్నేళ్ళైందో! అద్దాల మేడల కింద లాంతరు పైకెత్తి, "ఇన్ని కిటికీలకి పరదాలు ఎవరు కుడతారే?" అందట.

కొత్త జంటని దింపేసి స్టాండుకి వచ్చేసరికి ముందు కారువాడు వార్త మోసేశాడు. పిన్ని చోట్లో పెద్దన్న తన కారు అడ్డంగా పెట్టాడు. డ్రైవర్లందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

పిన్ని కారు ఆగింది. ముందు సీట్లో... తెల్లజుట్టు... చేతిలో దీపం...

ఒకడి చేతిలో టీ గ్లాసు జారిపోయింది. ఒకడు స్తంభం వెనక నక్కాడు.

"చెప్పానా..." పెద్దన్న గొంతు పీలగా వచ్చింది. "బండెక్కి వచ్చేసింది..."

"రాలేదన్నా. నేనే తెచ్చాను" అంది పిన్ని. "నా చోట్లోంచి బండి తియ్యి."

ఎవరూ కదల్లేదు.

ముసలమ్మ దిగింది. ఒక్కొక్కరి ముందుకీ వెళ్ళింది. మొహాలు చూడలేదు. లాంతరు నేల దాకా దించి... కాళ్ళు చూసింది.

"చీకట్లో రివ్వున పోయేది వీళ్ళేనా అమ్మాయ్?" అంది గుసగుసగా. "దెయ్యాల పాదాలు వెనక్కి తిరిగుంటాయంటారు. ఎందుకైనా మంచిదని చూస్తున్నా."

పెద్దన్న ఆవిణ్ణి చూశాడు. పిన్నిని చూశాడు. తర్వాత... మెల్లగా వంగి... తన పాదాలు తను చూసుకున్నాడు.

అప్పుడు వెళ్ళి బండి తీశాడు.