జీతం లేని శనివారం

వీధి తలుపు మీద ఎవరో కొట్టారు. డెర్మట్ చేతిలో టీకప్పు గాలిలోనే ఆగిపోయింది.

సముద్రపొడ్డు పల్లె గ్యానెట్ కోవ్‌లో వీధి తలుపు కొట్టేది ఫాదరో, పోలీసో. మిగతా ఊరంతా పెరటి తలుపు తోసుకుని సరాసరి వంటింట్లోకి వచ్చేస్తుంది. తలుపు కొట్టడమంటే నేను మీకు పరాయి మనిషిని అని చాటుకోవడమే. డెర్మట్ వాళ్ల వీధి తలుపుకైతే కింద మెట్లు కూడా లేవు. అది ఆఖరిసారి తెరుచుకున్నది నాన్న శవపేటికని బయటికి మోసినప్పుడు.

"ఎవరు పోయార్రా?" అంది తల్లి మోనా, పొయ్యి దగ్గర్నుంచి.

భుజం ఆనించి తోస్తేగానీ తలుపు రాలేదు. కింద గడ్డిలో, వానలో ఒకమ్మాయి నిలబడి ఉంది. తలుపు అందక గొడుగు పిడితో కొట్టినట్టుంది. గాలికి ఆ గొడుగు కాస్తా తిరగబడి గిన్నెలా తయారైంది.

"మ్యూజియం తాళాలు ఇక్కడ ఇస్తారన్నారు. నా పేరు హెస్టర్."

"వెనకనుంచి రండి."

"ఇది ముందువైపే కదండీ?"

"ముందే. అందుకే ఎవరూ రారు."

ఆ అమ్మాయి నవ్వింది. అంత వానలో అలా నవ్వేవాళ్లుంటారని డెర్మట్ మరిచిపోయి చాలాకాలమైంది.

ఊళ్లో పాత చేపల కొట్టునే మ్యూజియం చేశారు. దాని కమిటీకి మోనా ప్రెసిడెంటు. వేసవిలో చదువుకునే పిల్లలకి పని ఇస్తే జీతంలో సగం ప్రభుత్వం భరిస్తుంది. కమిటీ వాళ్ల దగ్గరి బంధువులకి మాత్రం ఆ పని ఇవ్వకూడదు. దగ్గరంటే ఎంత దగ్గరో మోనాకి అంతుపట్టలేదు. ఊళ్లో మిగిలిన నలుగురు పడుచువాళ్లూ ఎటు తిప్పినా కమిటీలో ఎవరికో ఒకరికి చుట్టాలే. లేనిపోని గొడవెందుకని ఆవిడ పట్నంనుంచి మనిషిని పిలిపించింది.

డెర్మట్‌ది మామయ్య పడవ మీద పీతల వేట. ఆ వేట ముగిశాక చేతులకి పనుండదు. తోటివాళ్లంతా ఎక్కడో దూరాన ఆల్బర్టా చమురు బావుల్లో పనికి వెళ్లిపోయాక అతను తనతో తనే మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు. చెప్పబోయేదేమిటో ముందే తెలిసిపోతోందని తర్వాత అదీ మానేశాడు.

పొగమంచు కమ్మిన రోజుల్లో మ్యూజియానికి టూరిస్టులెవరూ రారు. డెర్మట్ వెళ్లేవాడు. హెస్టర్ లేచి, చొక్కా సర్దుకుని, మొదటినుంచీ మొదలుపెట్టేది.

"ఇది మైకేల్ కిలీగారి పడవ."

"ఆయన మా తాత."

"అయితే ఇంకా శ్రద్ధగా వినాలి. మధ్యలో మాట్లాడకూడదు."

తాత పడవని రేవుకి గట్టిగా కట్టి, తాను మాత్రం కాలుజారి నీళ్లలో పడిన కథ చెప్పేది. చివర్లో నవ్వేది. డెర్మట్ ఆ నవ్వు జేబులో వేసుకుని ఇంటికొచ్చి, ఒంటరిగా కూర్చుని తీసి చూసుకునేవాడు.

ఒకనాడు ఎండ కాసి, టూరిస్టు బస్సొచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. అదే కథ, అదే చోట అదే నవ్వు. వాళ్లకీ ఇచ్చేసింది.

ఆ రోజునుంచి అతనికి మనశ్శాంతి కరువైంది. ఇన్నాళ్లూ తాను ప్రేమ అనుకున్నది ఆమె ఉద్యోగమేనేమో. ప్రేమ కోసం ఇంతగా మొహంవాచిన మనిషికి మర్యాదకీ మమకారానికీ తేడా ఎలా తెలుస్తుంది? ఆమెని అనుమానించినట్టే ఉండేది గానీ, నిజానికి అతను అనుమానించింది తననే. ఊరికే వచ్చి ప్రేమించదగ్గది తనలో ఏముందని.

వేసవి చివరి వారంలో ఆ మాట నోరుజారి పడింది. ఆమె అతని టోపీ మీద ఏదో వేళాకోళమాడి నవ్వింది.

"నవ్వు, నవ్వు. అందులో సగం ప్రభుత్వం ఇస్తోందిగా" అన్నాడు.

తమాషాగానే అనబోయాడు. గొంతు తోడు రాలేదు.

హెస్టర్ చూపు తాత పడవ మీదికి మళ్లింది. "మరి మిగతా సగం ఎవరిదనుకున్నావు?"

"కమిటీది."

ఆమె దుమ్ము దులిపే గుడ్డ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తర్వాత అతను వెళ్లినప్పుడల్లా, కథ చెప్పింది. నవ్వలేదు.

శుక్రవారంతో ప్రభుత్వం డబ్బూ ఆగింది, హెస్టర్ ఉద్యోగమూ ఆగింది. తాళాలు మోనాకి మ్యూజియంలోనే అప్పగించేసిందట. శనివారం పొద్దున పట్నం వెళ్లే వ్యాను కొండ ఎక్కుతున్న చప్పుడు వంటింట్లోకి వినబడింది. డెర్మట్ లేవలేదు. వీడ్కోలు చెప్పడానికి వెళ్తే ఆమె మర్యాదగా చెయ్యి ఊపుతుంది. ఆ మర్యాదే అతను తట్టుకోలేడు.

"వెళ్లకపోయావా?" అంది మోనా.

"పనుందమ్మా."

"ఏం పని?"

అతను టీకప్పు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. వ్యాను చప్పుడు కొండకి అవతల అణిగిపోయింది.

పెరటి తలుపు తెరుచుకుంది. ఎవరూ కొట్టలేదు కాబట్టి ఎవరూ తలెత్తలేదు. పక్కింటి పెద్దావిడే అనుకుని మోనా, "కూర్చో, టీ కాగుతోంది" అంది.

కుర్చీ లాగిన చప్పుడైంది. బల్ల మీద చువ్వలు విరిగిన గొడుగొకటి వచ్చి పడింది.

డెర్మట్ తలెత్తాడు. హెస్టర్ జుట్టునిండా పొగమంచు చినుకులు.

"వ్యాను వెళ్లిపోయింది కదా?" అన్నాడు.

"వెళ్లింది. ఇంకోటి సోమవారం ఉంది." ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఇవాళ నాకెవరూ జీతం ఇవ్వట్లేదు డెర్మట్. సగం కూడా. ఆ మాట నీ ఎదురుగా చెబుదామనే ఆగాను."

ఇన్నాళ్లూ లోపల దాచిన మాటలన్నీ పెరటి తలుపులోంచే ఎటో వెళ్లిపోయినట్టున్నాయి.

"నిన్ను రేవుకి గట్టిగా కట్టాల్సింది" అని మాత్రం అనగలిగాడు. "నేనే జారిపడ్డాను."

హెస్టర్ నవ్వింది. కథ చివర్లో నవ్వే నవ్వు కాదిది. మధ్యలో తెగింది, కళ్లలో నీళ్లు తెచ్చింది, ఏమంత అందంగా కూడా లేదు. అతను ఎన్నడూ చూడని నవ్వు.

మోనా మూడో కప్పు తెచ్చిపెట్టి, పాలు పోసి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసి నిట్టూర్చింది.

"వచ్చే వేసవికి మళ్లీ పట్నంలో ఇంకెవర్నో వెతుక్కోవాలి కాబోలు."

"ఎందుకండీ, నేను బాగా చెయ్యలేదా?" అంది హెస్టర్ కంగారుగా.

"బంగారంలా చేశావు తల్లీ" అంది మోనా, బిస్కెట్ల డబ్బా ఆమె ముందుకు జరుపుతూ. "కానీ బంధువులకి ఇవ్వకూడదుగా."