నలభై ఏడు నిమిషాలు

"స్విచ్ వెయ్యండి," అంది డాక్టర్ తబస్సుమ్ స్టాప్‌వాచ్ చూస్తూ.

హైమావతి స్విచ్ వేసింది. కుర్చీ దగ్గరికి లాక్కునేలోపే తెర వెలిగి, తీరానికి అరవై కిలోమీటర్ల దూరాన సముద్రం మధ్య ఉన్న ప్లాట్‌ఫామ్ నుంచి గాలి వేగం, అలల ఎత్తు వరసగా వచ్చేశాయి.

"మూడు సెకన్లు. నిన్నటిదాకా ఎంత పట్టేది?"

"నలభై ఏడు నిమిషాలు."

అది 2058. శ్రీకాకుళం తీరంలో, కొండ మీది ఆ వాతావరణ కేంద్రానికి హైమావతి ఒక్కతే ఆపరేటర్. ప్లాట్‌ఫామ్ మీద మైలపల్లి గురువులు ఒక్కడే కాపలా. రాత్రి చేపలవేట నిషేధం, పడవలు బయటికి వెళ్లవు కాబట్టి, బ్యాటరీలు ఆదా చెయ్యడానికి అక్కడి కంప్యూటర్‌ను సాయంత్రం ఆపేసి తెల్లవారుజామున లేపేవారు. లేపడమంటే మాటలు కాదు. ఒక్కో పరికరం పలికినప్పుడల్లా అక్కడ ఒక నంబరు కనిపించేది. గురువులు దాన్ని ఫోన్‌లో చదివితే హైమావతి ఇక్కడ కొట్టేది. నంబరుకీ నంబరుకీ మధ్య నిమిషం, నిమిషంన్నర ఖాళీ. తొమ్మిదేళ్లు ఆ ఖాళీల్లోనే మాట్లాడుకున్నారు.

"ఇయ్యాల కవ్వళ్ల సేపలపులుసు కాసినానమ్మా. మీరేటొండినారు?"

"ఇంకా లేదు గురువులుగారూ. నిన్నటి పులుసుంది."

"ఒక్కరికే అయితే వొండాలనిపించదు. నాకూ అంతే. రాసుకోండి, నాలుగు సున్నా ఏడు."

ఆమె అతన్ని ఎప్పుడూ చూడలేదు. పెళ్లి చేసుకోలేదు, తల్లి పోయాక క్వార్టర్‌లో ఆమెతో మాట్లాడే మనిషి లేడు. రోజులో ఆమె గొంతు విప్పేది ఆ నలభై ఏడు నిమిషాలే.

పోయిన భాద్రపదంలో ఒక తెల్లవారుజామున నంబర్ల మధ్య గురువులు గొంతు మారింది. "అమ్మా, తూరుపున నల్లగా లెగుస్తంది. పడవలు ఆపమని సెప్పండి."

పడవలకు హెచ్చరిక వెళ్లాలంటే కంప్యూటర్ పూర్తిగా లేవాలి. మరో దారి లేదు. "ఇంకా ఇరవై నిమిషాలుంది. నంబరు చదవండి," అంది. అతను చదివాడు. ఆమె కొట్టింది. ఆ పొద్దున ఒక పడవ బోల్తాపడి ఇద్దరు తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఆమె పై ఆఫీసుకి పదకొండు ఉత్తరాలు రాసింది. పదకొండో ఉత్తరానికి తబస్సుమ్ వచ్చింది.

"ఆపేసిన కంప్యూటర్‌కి ఏమీ గుర్తుండదు," అని వివరించింది తబస్సుమ్. "లేచినప్పుడల్లా తన పరికరాలెక్కడున్నాయో మొదటినుంచీ వెతుక్కుంటుంది. ఈ చిప్‌కి కరెంటు పోయినా జ్ఞాపకం పోదు. నిద్రపోయిన చోటునుంచే లేస్తుంది. నంబర్లు అక్కర్లేదు. గాలి మారితే హెచ్చరిక కూడా దానంతటదే పంపేస్తుంది."

"ఫోన్ కూడా అక్కర్లేదా మేడమ్?"

"ప్రమాదమైతే తప్ప అక్కర్లేదు."

వారం తిరక్కుండానే గాలివాన లేచింది. హెచ్చరిక ముందే వెళ్లింది. నలభై పడవలు వెనక్కొచ్చాయి. హైమావతి ఆ రోజు తెర ముందే కూర్చుని ఏడ్చింది.

తర్వాత రోజులు పొడుగయ్యాయి. తెర వెలిగేది, ఆమె టీ పెట్టుకునేది, ఇంకా అరగంట పైన మిగిలేది. రెండుసార్లు ఫోన్ ఎత్తి, ఏ ప్రమాదం పేరు చెప్పాలో తోచక పెట్టేసింది. పదో రోజు ధైర్యం చేసి కలిపింది. మోగి మోగి ఆగిపోయింది. మర్నాడూ అంతే.

భయం వేసి పై ఆఫీసుకి చేసింది. "అతన్ని దించేశాం కదమ్మా," అన్నాడు అధికారి. "యంత్రం దానంతటదే లేస్తుంటే అక్కడ మనిషెందుకు? అంతా మీ ఉత్తరాల పుణ్యమే."

ఆదివారం ఆఫీసుకి తాళం వేసి గురువులు ఊరికి బస్సెక్కింది. ఇసుకలో అయిదారుగురు వలలు బాగుచేస్తున్నారు. గురువులు ఎవరో తెలియక నిలబడిపోయింది. వాళ్లలో పొట్టిగా, బట్టతలతో ఉన్న ఒకాయన పక్కవాణ్ని దారం అడిగాడు. ఆ గొంతు ఆమెకు తెలుసు.

"గురువులుగారూ, నేను హైమావతిని."

అతను లేచి, చేతులు లుంగీకి తుడుచుకుని, ఆమె కూర్చోడానికి తిరగేసిన పడవ చూపించాడు.

"నా ఉత్తరాల వల్లే మీ ఉద్యోగం పోయింది," అంది.

"మంచి పనే సేసినారు. అంతకుముందే రాసుంటే..." అని ఆగి, "మునిగిపోయినోళ్లలో ఒకడు మా సిన్నాన్న కొడుకు," అన్నాడు.

ఆమెకు ఆ సంగతి తెలియదు. ఆ పొద్దున తర్వాత కూడా అతను రోజూ నంబర్లు చదివాడు, కూర ఏమిటని అడిగాడు.

"చెప్పలేదేం?"

"ఎలా సెప్తానమ్మా. మీరొక్కరే ఉంటారు కదా అక్కడ."

అతను సముద్రం వైపు చూశాడు. ఆమె చెప్పుల్లో ఇసుక దులుపుకుంది. భోజనం చేశారా అని అడిగాడు. చేశానని అబద్ధం చెప్పింది.

అంతలో ఒడ్డున అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయి. గంటలో ఈదురుగాలి, పడవలు పైకి లాగండి. గురువులు చదివి, "మీరు పంపినారా?" అన్నాడు.

"నేనిక్కడున్నాను కదా," అంది హైమావతి. ఆఫీసు తాళంచెవి ఆమె సంచిలోనే ఉంది.

అతను ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. అప్పటికే జనం తాళ్లు పట్టుకుని పిలుస్తున్నారు. పరిగెత్తాడు. ఆమె కూర్చున్న పడవ కూడా కావాలన్నారు. లేచి పక్కకి జరిగి, ఎటు నిలబడితే ఎవరికీ అడ్డం కాదో వెతుక్కుంది.