ధ్రువుడు దొరికినాడు

రాప్తాడు దాటాక ఆ శనక్కాయల చేను మూడేళ్లుగా బీడు. వాన మొహం చాటేసింది మరి. ధర్మవరంలో పట్టుచీరల కొట్టు మూసి, టెలిస్కోపు డిక్కీలో పెట్టుకుని, పొద్దుగూకాక వేణుగోపాల్ అక్కడ దిగాడు. చీరలమ్ముకునేవాడికి చుక్కల పిచ్చేమిటని బజారంతా నవ్వేది. ఇప్పుడెవరూ నవ్వడం లేదు.

ఆ పిచ్చి నిజానికి భార్య అరుణజ్యోతిది. వృశ్చికంలోని ఎర్ర మేఘాన్ని ఫోటో తీయాలంటే ఆరు గంటల వెలుగు పట్టాలనేది. నాలుగు గంటలదే పట్టింది. ఆ తర్వాత ఓ రాత్రి ఇదే చేలో ఆమె పోయింది. సంవత్సరీకం మొన్ననే అయింది. ఈ ఏడాదిలో వేణుగోపాల్ ఒక్కసారి కూడా ఏడవలేదు. ఏడుపు రాలేదు, అంతే. ఆ మిగిలిన రెండు గంటలూ పట్టి ఆమె బొమ్మ పూర్తి చేస్తే లోపల ఏదైనా కదులుతుందేమోనని వచ్చాడు.

పక్క చేలో బోరు దగ్గర కాపలా ఉండే కుళ్లాయప్ప టార్చి వేసుకుంటూ వచ్చాడు.

"ఏం శెట్టీ, మళ్లా ఈడికే వచ్చినావా?"

"రెండు గంటల పని ఉండాది."

"చెప్పుల్తోనే వచ్చినావే! బూట్లన్నా ఏసుకోకూడదా?"

వేణుగోపాల్ డిక్కీ తెరిచి టెలిస్కోపు దించసాగాడు. కుళ్లాయప్ప బోరు దగ్గరికి వెళ్లిపోయాడు.

టెలిస్కోపు ఆకాశంతో పాటు తిరగాలంటే దాన్ని మోసే మౌంటు ఇరుసు ధ్రువనక్షత్రానికి గురి కుదరాలి. చుక్కలన్నీ తిరుగుతాయి, అదొక్కటే కదలదు. మన సీమలో ధ్రువుడు, చెయ్యి చాచి కొలిస్తే, నేలకు జానెడెత్తులోనే ఉంటాడు. అందుకని ఇరుసులోని చిన్న దుర్భిణిలో కన్ను పెట్టాలంటే మోకాళ్ల మీద కూర్చుని, తల నేలకు ఆనించినంత పని చేయాలి. అలా చూసి ఎడమకి, కుడికి అని చెప్పేది జ్యోతి. ఇరుసును జరిపే మర తిప్పేది అతను.

ఆ రాత్రి ఆమె, "ఏమండీ, కాలు తిమ్మిరెక్కింది" అంది.

"కూచున్నందుకే. కాసేపుంటే పోతాది. ధ్రువుడు దొరికినాడు, కదలొద్దు" అన్నాడు అతను.

కదల్లేదు. మాట వినే మనిషి. కట్లపాము కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చని డాక్టరు చెప్పేసరికి తెల్లారిపోయింది, ఆమె అయిపోయింది.

ఇప్పుడు అతనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. గాలి ఆగిపోయింది. ఎండిన మట్టి వాసన. ధ్రువుడు కనబడ్డాడు గానీ, ఉండాల్సిన గుండ్రటి గీతకు బయట ఉన్నాడు. మర తిప్పాడు. ఎక్కువైంది.

"ఎడమకి..."

చెవి పక్కనే. గుసగుసగా.

భయపడాలి కదా. భయం కూడా రాలేదు. ఎడమకి తిప్పాడు.

"ఇంకొంచెం..."

చుక్క మెల్లగా జరిగింది. కిర్రు... కిర్రు... వచ్చి గీత మీద కూర్చుంది. మర ఆగింది.

తన చేతులు రెండూ తొడల మీదే ఉన్నాయని అప్పుడు గమనించాడు.

కుడి పాదం తిమ్మిరెక్కింది.

"జ్యోతీ... కాలు తిమ్మిరెక్కింది."

ఆమె తలకు రాసుకునే కొబ్బరినూనె వాసన వచ్చింది. తర్వాత...

"కూచున్నందుకే. కాసేపుంటే పోతాది."

గొంతు ఆమెదే. మాటలు తనవి.

"ధ్రువుడు దొరికినాడు. కదలొద్దు."

ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు. కదలొద్దంది కదా.

చీకటికి అలవాటైన కళ్లు చెదరకుండా అతను నేల మీద పెట్టుకున్న ఎర్ర టార్చి వెలుగుతూనే ఉంది. అతని మోకాళ్ల పక్కనే పొడి మట్టిలో ఇంకో రెండు మోకాళ్ల గుంటలు. చిన్నవి. చూస్తుండగానే అవి ఇంకొంచెం కిందికి దిగాయి. తిమ్మిరి అతని మోకాలు దాటింది.