ముడుల దారం

నాగదుర్గ ముందు సంచీ అడుగున పాత పంచె పరిచింది. దాని మీద ఘేరాల గౌను, గౌను మీద వెయిస్టుకోటు, ఆ పైన ముదురాకుపచ్చ ఉన్నికోటు చేతులు రెండూ వెనక్కి మడిచి పెట్టింది. మడతకీ మడతకీ మధ్య ఎండిన వేపాకు చల్లింది. అన్నిటికంటే పైన, కాగితంలో చుట్టి, సూర్యతేజకని తను కుట్టిన నీలిగళ్ళ చొక్కా ఉంచింది. జిప్పు సగం దాకా లాగి ఆగిపోయింది.

"ఏవన్నా మర్చిపోయారాండీ?" అన్నాడు సూర్యతేజ గుమ్మంలోంచి.

"లేదండీ. మూసెయ్యబుద్ధి కావట్లేదు."

"మూసేది సంచీనేగా. నన్ను కాదుగా."

మామూలుగా అయితే ఆ మాటకి ఆమె నవ్వేది. ఆ రోజు నవ్వు రాలేదు. తెల్లారితే అతను ఏలూరులో చెన్నై రైలెక్కాలి. దొరసాని దుస్తులు అక్కడి ప్రదర్శనలో అప్పగించి, వారంలో తిరిగి వస్తానన్నాడు. వస్తాడా, రాడా? నాలుగు నెలల క్రితం ఆ మనిషెవరో కూడా ఆమెకి తెలీదు. ఇప్పుడు ఆ ప్రశ్న తప్ప బుర్రలో ఇంకోటి లేదు.

అతను మొదటిసారి వచ్చింది ఆగస్టు వానలో. గుండుగొలనులో హైవే మీద బస్సు దిగి, తడిసి ముద్దై, అరుగు మీది టైలరింగు షాపులోకి దూసుకొచ్చి, తడి ఫైలు తీసుకెళ్ళి మిషను మీద పెట్టాడు.

"అది పెళ్ళికూతురి జాకెట్టు ముక్కండీ. చెయ్యి తియ్యండి" అంది నాగదుర్గ.

అతను చెయ్యి తీశాడు. మరక ఉండిపోయింది. ఆ మరక చుట్టూ ఆమె రాత్రికి రాత్రి జరీ పువ్వు కుట్టింది, పెళ్ళికూతురు ఆ పువ్వే బాగుందంది. అయినా నెల్లాళ్ళు అతన్ని దెప్పడం మానలేదు.

అతని పని వింతగా ఉంది. చెన్నైలో పాతకాలపు దుస్తుల ప్రదర్శన కోసం, రెండువందల యాభై ఏళ్ళ కిందట తెల్లదొరసానులు గుర్రమెక్కడానికి వేసుకునే దుస్తులు కావాలి. ఆ రోజుల్లో అవి మగవాళ్ళ కోటులాగే ఉండేవట, కుట్టేదీ మగవాళ్ళకి కుట్టే టైలర్లేనట. మిషను తగలకూడదు. నారదారానికి మైనం రాసి చేత్తోనే కుట్టాలి. గుండీ కాజాలన్నీ చేతివే. రొమ్ము దగ్గర నిలబడడానికి లోపల గుర్రపు వెంట్రుకల గుడ్డ పెట్టాలి. భుజం కుట్టు వీపు వైపుకి జరపాలి, వేసుకున్న మనిషి వంగడానికి వీల్లేకుండా.

"మిషను మీద కుట్టి, పైన నాలుగు చేతికుట్లు వేస్తే ఎవరికి తెలుస్తుందండీ?" అంది ఆమె.

"కుట్టినవాళ్ళకి తెలుస్తుందండీ."

ఆ ఒక్క మాటకి ఆమె పని ఒప్పుకుంది. తర్వాత కొలతలు అడిగింది. అతను ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం పీలిక తీశాడు. అంగుళం వెడల్పు, గోధుమరంగు. ఒక అంచున అక్కడక్కడ కత్తెర గాట్లు. అంకె ఒక్కటీ లేదు. టేపు పుట్టకముందు మనిషికొక పీలిక కత్తిరించి, కొలతకొక గాటు పెట్టేవారట. దీని వెనక మటుకు 'ఏలూరు, బూడిదరంగు గుర్రం' అని రాసుంది. ఆ దొరసాని పేరు లేదు, బొమ్మ లేదు. ఓ పొద్దున కొల్లేటి గట్టు వైపు గుర్రం మీద వెళ్ళిందనీ, మరి కనబడలేదనీ ఇంకో కాగితంలో ఉందట.

నాగదుర్గ పకపకా నవ్వింది. లోపలినుంచి నాయనమ్మని పిలిచింది.

నాయనమ్మ ముత్యాలమ్మకి అంకెలు రావు. అరవై ఏళ్ళు దారంతోనే కొలిచింది. ఒక్కో మనిషికి ఒక్కో దారం, ఒక్కో కొలతకి ఒక్కో ముడి. ఏ మనిషికీ రెండు చేతులూ సమానంగా ఉండవని రెండిటికీ విడివిడిగా ముడి వేసేది. మనవరాలికీ అదే నేర్పింది. ఆ పీలికని వేళ్ళతో తడిమి, చూడకుండానే చదివేసింది: ఇది వీపు, ఇది మోచెయ్యి, ఇది మణికట్టు. ఎడమ భుజం కొంచెం దిగువట. తర్వాత ముఖం చిన్నబుచ్చుకుంది.

"పోయిన మనిషి కొలత ఇన్నాళ్ళు విప్పకుండా ఎందుకు దాచారు బాబూ?"

"పాత కాగితాల ఆఫీసులో ఉండిపోయిందండీ, మామ్మగారూ."

"దాస్తే వస్తుందయ్యా."

ఆ ఇంట్లో పద్ధతి అది. ఊళ్ళోవాళ్ళ బట్టలు ఇచ్చేశాక దారం ముడులు విప్పెయ్యాలి. ప్రయాణం పోయేవాళ్ళవి మాత్రం వాళ్ళు తిరిగొచ్చేదాకా విప్పకూడదు. ముడులున్నన్నాళ్ళు మనిషికి దారి తెలుస్తుంది. విప్పితే తెగుతుంది. సూర్యతేజ ఇదంతా నోటుబుక్కులో రాసుకున్నాడు. గోడ మీద తాతయ్య ఫోటో చూసి, మెడకీ కాలరుకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉందేంటండీ అని అడిగాడు. పెళ్ళైన చాన్నాళ్ళకి తీసిన ఫోటో అదనీ, వేసుకుంది మటుకు పెళ్ళినాటి చొక్కాయేననీ, ఇంత చెయ్యితిరిగిన ముత్యాలమ్మ మొగుడికి కాలరు కుదర్చలేకపోయిందని ఊరంతా వేళాకోళమనీ నాగదుర్గ చెప్పింది. ముత్యాలమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

గౌను అంచు కుట్టిన మర్నాడు పొద్దున అది జానెడు మేర తడిసి ఉంది. నీళ్ళలో నడిచి వచ్చినట్టు. అంచుకి గుర్రపుడెక్క వేరు ఒకటి చుట్టుకుని ఉంది. ఆ రాత్రి వాన లేదు. కొల్లేరు అక్కడికి కొన్ని మైళ్ళ దూరం.

"క్లయింటు ట్రయల్‌కి వచ్చిందన్నమాట" అన్నాడు సూర్యతేజ. "ఫిట్టింగు బాగుందందా?"

"ఎడమ భుజం పట్టేస్తోందట" అంది నాగదుర్గ. వేళాకోళానికే అంది. కానీ పచ్చకోటు తీసి చూస్తే అక్కడ కుట్టు నిజంగానే లాగి ఉంది, తొడిగి విప్పిన బట్టలాగ. భుజం సర్దడానికి అతను కోటు పట్టుకున్నాడు, ఆమె కుట్టింది. సూది గుచ్చుకోకుండా అతని వేళ్ళు జరిగినప్పుడల్లా ఆమె వేళ్ళకి తగిలేవి. ఆ వారం ఆ భుజం మూడుసార్లు విప్పి కుట్టారు. మొదటిసారే కుదిరిందని ఇద్దరికీ తెలుసు.

తర్వాత ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, వాన జోరుగా కురుస్తోంది. నాగదుర్గ కాజా కుడుతూ తలెత్తింది. గుమ్మంలో వీధి వైపు తిరిగి పచ్చకోటు నిలబడి ఉంది. వీపు నిటారుగా, ఎడమ భుజం కాస్త దిగువగా. కోటు తగిలించే స్టాండు అక్కడెవరు పెట్టారబ్బా అనుకుంది. స్టాండు తన పక్కనే ఉంది, ఖాళీగా.

కాలరు పైన తల లేదు. తల ఉండాల్సిన చోట వాన కనబడుతోంది. చేతుల చివర వేళ్ళు లేవు.

సూర్యతేజ గొడుగేసుకుని రోడ్డు దాటి వస్తుంటే చూసింది. అతను గుమ్మం ఎక్కేసరికి కోటు నేల మీద కుప్పగా పడి ఉంది. ముత్యాలమ్మ వచ్చి దాన్ని ఎత్తి దులిపింది.

"కొలత ఎంతవరకు ఉందో అంతవరకే వచ్చింది పాపం. మొహానికి గాటు పెట్టరు కదా" అంది.

ఆ సాయంత్రమే సూర్యతేజ చొక్కా కుట్టించుకుంటానన్నాడు. నాగదుర్గ దారం తీసింది. భుజం, మెడ, రొమ్ము, పొడుగు, కుడిచెయ్యి, ఎడమచెయ్యి: ఆరు ముడులు. అతనికి ఎడమచేతి మీద గొడుగు తగిలించుకునే అలవాటు, ఆ చెయ్యెప్పుడూ మడిచే ఉంటుంది. చాపండీ అంటే చాపాడు. ఆమె చూడకుండా ముడివేసింది, అతని కళ్ళు తన మీద ఉన్నాయని తెలిసి.

డిసెంబరు మూడు పొద్దున ఏలూరు స్టేషనులో తుపాను ముసురు. అతను ఆ చొక్కా తొడుక్కునే వచ్చాడు. పచ్చకోటు సంచీలో ఉంది, పీలిక కూడా.

"చొక్కా కుదిరిందండీ. మనిషి కుదిరాడో లేదో చెప్పలేదు మీరు" అన్నాడు.

"తిరిగొచ్చాక చెప్తాను. ఏలూరులో ఇంతమంది టైలర్లుండగా మా షాపుకే ఎందుకొచ్చారో మీరూ చెప్పలేదుగా."

"అదీ తిరిగొచ్చాకే."

రైలు కదిలింది. ఆమె బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. మణికట్టుకి చుట్టుకున్న అతని కొలతదారం తీసి చేతిలో పట్టుకుంది, తోడుకోసం. వాన చూస్తూ, అతని మాటలే తలుచుకుంటూ ఉంది. పదేళ్ళుగా బట్టలిచ్చి ఇంటికొచ్చిన ప్రతిసారీ ఆ వేళ్ళు ఏం చేస్తాయో అదే చేశాయి.

గుండుగొలనులో దిగేటప్పటికి చేతిలో దారం నున్నగా ఉంది. ఒక్క ముడి లేదు.

ఆ సాయంత్రం నుంచి అతని ఫోను పలకలేదు. చెన్నైలో నీళ్ళు, రైళ్ళు రద్దు అని టీవీలో చెబుతున్నారు. మూడు రోజులు ఆమె అన్నం సరిగా తినలేదు. చివరికి దారం తెచ్చి నాయనమ్మ ఒళ్ళో పెట్టి ఏడ్చింది.

ముత్యాలమ్మ చాలాసేపు గోడ మీది మొగుడి ఫోటో వైపు చూసింది.

"గుర్తున్నంత వరకు మళ్ళీ కట్టమ్మా" అంది. "తర్వాత నన్ను తిట్టుకోకు."

నాగదుర్గ కట్టింది. గుమ్మానికి ఆనుకున్నప్పుడు భుజం ఎక్కడిదాకా వచ్చేదో ఆమెకి తెలుసు. ఆటో సడన్‌గా ఆగి అతని మీదికి తూలిన రోజు నుంచి రొమ్ము వెడల్పు తెలుసు. మెడ, పొడుగు, కుడిచెయ్యి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఎడమచెయ్యి దగ్గర ఆగింది. గొడుగు గుర్తొచ్చింది గాని చెయ్యి గుర్తు రాలేదు. ఊహకి తోచిన చోట ముడివేసింది.

తొమ్మిదో తారీకు మధ్యాహ్నం బస్సు దిగి అతను వచ్చాడు. అదే నీలిగళ్ళ చొక్కా. చేతిలో సంచీ లేదు, గొడుగు లేదు.

ఆమె అరుగు దిగి పరుగెత్తింది. నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస లేకుండా అతని చొక్కా పట్టుకుని ఏడ్చింది. అతను మెల్లగా నవ్వాడు.

"మనిషి కుదిరాడు. అంతేగా మీరు చెప్పాలనుకున్నది" అన్నాడు.

అంతే. సరిగ్గా అవే మాటలు ఆమె దాచుకుంది. మరి మా షాపుకే ఎందుకొచ్చారని అడిగింది.

"మీకు తెలీదా?"

"తెలీదండీ."

"అయితే నాకూ తెలీదండీ" అన్నాడు, అదే నవ్వుతో.

అప్పుడు చూసింది. ఎడమ మణికట్టు కఫ్ దాటి రెండు వేళ్ళ మేర బయటికి వచ్చి ఉంది. తన కత్తెర అంత తప్పదు.

రాత్రి నాయనమ్మ పక్కన కూర్చుంది. ముత్యాలమ్మ మనవరాలి తల నిమిరింది. తనకి పెళ్ళైన రెండో ఏడు కొల్లేరు ముంపులో తాతయ్య పడవ తిరగబడిన సంగతి అప్పుడు చెప్పింది.

"నేనూ దారం మళ్ళీ కట్టాను. నాకు మెడ గుర్తు రాలేదే. నలభై ఏళ్ళు కాపురం చేశాను. మంచివాడే. ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. ఇష్టమైతే చేసుకో, నా దీవెన ఉంటుంది."

పెళ్ళి ఫిబ్రవరిలో జరిగింది. పెళ్ళికొడుకు చొక్కా ఎడమచెయ్యి నాగదుర్గే రెండు వేళ్ళు పొడుగు పెట్టి కుట్టింది. ఆరు ముడుల దారం ఆమె పెట్టెలో అడుగున ఉంది, దాని మీద ఎవరి చెయ్యీ పడనివ్వదు. ఆయన వేళకి ఇంటికొస్తాడు, అడిగినదానికి నవ్వుతాడు, ఆమెకి తెలిసినవన్నీ ఆయనకి తెలుసు.

2023 డిసెంబరు 3, ఆదివారం పొద్దున ఏలూరులో రైలెక్కిన సూర్యతేజ తిరిగి రాలేదు.