ఏ కురుమూర్తి, సార్?

"ఉరి తీయాల్సిన మనిషి పేరు దొరికింది," అన్నాడు మేజర్ సిద్దిఖీ, కాగితం టేబుల్ మీద ఇవతలికి తోస్తూ.

1943. వనపర్తి రోడ్ స్టేషన్‌లో ఫస్ట్ క్లాస్ వెయిటింగ్ రూము. తలుపు మీద 'రిపేరు' అని బోర్డు. లోపల ఉన్నది మిలిటరీ ఇంటెలిజెన్స్. ఏజెంట్ టీ-9 వెంకట్రాములు కళ్ళజోడు తుడుచుకుని కాగితం చదివాడు. ఒక్కటే మాట ఉంది. కురుమూర్తి.

"ఏ కురుమూర్తి, సార్?"

"ఎందరున్నారు?"

వెంకట్రాములుకి నవ్వొచ్చింది గాని నవ్వే ఓపిక లేకపోయింది. కురుమూర్తి స్వామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ చుట్టుపక్కల ఊరూరా మగపిల్లలకి ఆ పేరే పెడతారు. సంతలో నిలబడి "కురుమూర్తీ!" అని కేకేస్తే సగం సంత వెనక్కి తిరుగుతుంది. ఈ సంగతి హైదరాబాదులో కూర్చున్న మేజర్లకి ఎవరు చెప్పాలి?

"బ్రీఫింగ్ విను," అన్నాడు మేజర్. "గురువారం పదకొండు గంటలకి మిలిటరీ స్పెషల్ కృష్ణ బ్రిడ్జి దాటుతుంది. ఆరు వందల మంది సోల్జర్లు. రెండు వ్యాగన్ల మందుగుండు. జపాన్ ముఠా ఒక స్తంభానికి టైం బాంబు కడుతుంది. ఆ స్తంభం దగ్గరి సెంట్రీని కొనేశారు. ఏ స్తంభమో మనకి తెలీదు. వాళ్ళకి ఒక చీర చెప్తుంది."

"చీరా, సార్?"

"కోడ్. నంబరు చీర మీద ఉంటుంది. వైర్‌లెస్‌లో పట్టాం. దాని వెనకున్న ద్రోహి పేరు మన ఏజెంట్ బి-4 పంపింది. పేరుమోసిన మనిషట. నాగర్‌కర్నూలు నుంచి వెతకమంది."

"సెంట్రీలందర్నీ మార్చేస్తే పోదా సార్?"

"మారిస్తే ముఠా జారుకుంటుంది. నాకు ముఠా కావాలి. కురుమూర్తి కావాలి."

బి-4 అంటే బాలమణి. రాయచూరు డ్రామా కంపెనీలో హీరోయిన్. ఆమె స్టేజీ మీదికొస్తే తాలూక్దార్లు కుర్చీలు ముందుకి జరుపుకుంటారు. ఆ నంబరు పలికేటప్పుడు మేజర్ గొంతు కూడా కొంచెం మెత్తబడింది. యాభై రెండేళ్ళ వెంకట్రాములు అది గమనించి, మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

అతన్ని పీడిస్తున్నది మోకాళ్ళ నొప్పి ఒక్కటే అయితే బాగుండేది. రెండేళ్ళ కిందట ఇలాంటి కాగితమే ఒకటి ఇచ్చారు. దాని మీద మల్లన్న అని ఉంది. అతను వెళ్ళి ఒక మల్లన్నని పట్టుకొచ్చాడు. తొమ్మిది నెలలకి ఆ మల్లన్న జైల్లో పోయాడు. ఆ తర్వాత తెలిసింది, తమకి కావలసిన మల్లన్న వేరే అని. వెంకట్రాములు సిగ్గు చంపుకుని చనిపోయిన మల్లన్న పెళ్ళాం దగ్గరికి పోయి చెప్పాడు. ఆ తిరుపతమ్మ ఏడవలేదు. "ముందుగాల చెప్తె పేరు మార్చుకుందుము గద సారూ," అంది. అప్పట్నుంచి అతనికి అన్నం సయించదు, నిద్ర పట్టదు, ఉద్యోగం మీద మనసు లేదు. ఇంకొక తప్పు మనిషిని పట్టిచ్చేకంటే బ్రిడ్జి కింద తనే పడుకోవడం నయమనుకున్నాడు.

పేరుమోసిన కురుమూర్తులు ముగ్గురని లిస్టు రాసుకుని, సోమవారం రంగుల వ్యాపారి వేషంలో నాగర్‌కర్నూలు చేరాడు. నశ్యం డబ్బాలో కెమెరా, గొడుగు పిడిలో పిస్టల్. వకీలు కురుమూర్తి ఇంట్లో చీరలకి రంగులు కావాలా అని అడిగితే, వకీలు రెండు గంటల సేపు తను గెలిచిన కేసులు చెప్పాడు. మధ్యలో మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఇంత నోరున్నవాడి దగ్గర రహస్యం ఒక్క పూట కూడా నిలవదని తేల్చుకుని వెంకట్రాములు బయటపడ్డాడు.

మంగళవారం వనపర్తి. పహిల్వాన్ కురుమూర్తి తాలీంఖానాలో మట్టి పూసుకుని నిలబడి ఉన్నాడు. "చీరనా? నాకు లంగోటి తప్ప ఇంకో బట్ట తెల్వదు. ఏంది, కుస్తీకి వచ్చినవా?" అని జబ్బ చరిచాడు. వెంకట్రాములు దండం పెట్టి వెనక్కి నడిచాడు.

బుధవారం బస్సు కొత్తకోట దగ్గర చెడిపోయింది. రోజంతా ఎండలో పోయింది. గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి గద్వాలలో నేతగాడు కురుమూర్తి వాకిట్లో అడుగు పెట్టేసరికి మేజర్ జీపు అక్కడే ఉంది. ముసలి నేతగాడి చేతులకి బేడీలు ఉన్నాయి. భార్య జమ్ములమ్మ మగ్గం గుంట అంచున కూలబడి ఉంది.

"మన లిస్టులో మిగిలింది వీడే," అన్నాడు మేజర్. "బి-4 కూడా వీడేనని కబురంపింది. చీర ఎక్కడుందో చెప్పడం లేదు."

"చెప్పిన గద సారూ!" అన్నాడు కురుమూర్తి. "నిన్న దీపాలు పెట్టే యాళ్ళకు డ్రామాలామె వచ్చి మడత గూడ ఇప్పకుండ తీస్కపోయింది. కాగితం మీద బొమ్మ ఆమెనే గీసి ఇచ్చింది. పెండ్లి చీర అని చెప్పింది. నేసుడే నా పని. మిగతాది నాకు తెల్వదు."

"డ్రామాలామె అంటే?"

"జర తెల్లగుంటది. సెంటు వాసనొస్తది," అంది జమ్ములమ్మ.

వెంకట్రాములు మేజర్ వంక చూశాడు. మేజర్ మొహం ఎర్రబడింది. "ఏం మాట్లాడుతున్నావ్? ఆమె మన మనిషి!"

"మన మనిషే సార్. వాళ్ళ మనిషి కూడానేమో. ఆ పేరు పంపి నన్ను మూడు రోజులు తిప్పింది ఆమే. ఆమె ఊరు దాటేలోపు స్టేషన్‌కి పోదాం. ఇతన్ని కూడా ఎక్కించండి. ఒట్టు సార్, ఇంకొక మనిషిని తొందరపడి చంపడం నావల్ల కాదు."

గద్వాల స్టేషన్. పది గంటల నలభై. ప్లాట్‌ఫారం మీద కర్నూలు బండి కోసం బాలమణి నిలబడి ఉంది. చంద్రకావి రంగు గద్వాల చీర, ఎర్రటి పట్టు కొంగు. పొద్దున ఎనిమిదికే ఆ చీర కట్టి, కృష్ణ ఒడ్డున రాయికి పసుపు కుంకుమ పెట్టే నెపంతో ఏటికి వీపు పెట్టి నిలబడిందని, అవతల పుట్టిలో వల వేస్తున్నవాళ్ళు బైనాక్యులర్స్‌తో చూశారని తర్వాత తెలిసింది.

"మేజర్ సాబ్!" అని నవ్వింది ఆమె. "దొరికాడా మీ ద్రోహి? వీడే. నేనే సాక్ష్యం చెప్తాను. ఉరికి ఇంకేం కావాలి?"

మేజర్ తల ఊపబోయాడు. వెంకట్రాములు ఆమె వెనక్కి నడిచాడు. కొంగు మీద జరీ హంసలు బారుగా ఉన్నాయి. గొడుగు మొనతో ఒక్కొక్కటే చూపిస్తూ బిగ్గరగా లెక్కపెట్టాడు.

"అయిదు... ఆరు... ఏడు... ఎనిమిది."

బాలమణి గిర్రున తిరిగింది. వీపు మీది కొంగు కట్టుకున్న మనిషికి కనపడదు కదా.

"ఎనిమిదా? ఎనిమిది ఎట్లయితయి? నేను గీసింది ఏడు గద!"

అనేసి నాలిక కరుచుకుంది. మేజర్ పెద్దమనిషి తరహాగా మీసం సవరించుకోబోయి, చెయ్యి కిందికి దించుకున్నాడు.

అప్పుడు బేడీల చేతులు రెండూ ఎత్తి నేతగాడు దండం పెట్టాడు.

"తప్పు నాదే తల్లీ. ఏడే ఉండె కాగితం మీద. కొంగుల హంసలు జతలు జతలుగ నడవాలె. పెండ్లి చీరకు ఒంటి హంసను పెడ్తె పిల్ల ఒంటిదైతదని మా తాతల కాన్నుంచి పెట్టం. నువ్వు తెల్వక గీసినవనుకున్న. ఒకటి నేనే కలిపిన. గిట్ల పరేషాన్ అయితదని తెల్వదు. కోపం చెయ్యకు."

ఈ ముసలాయనకి అది కోడ్ అని తెలిసుంటే ఆ లెక్క ముట్టుకునేవాడా? "సార్, బేడీలు," అన్నాడు వెంకట్రాములు.

మేజర్ స్వయంగా తాళం తీశాడు. అవే బేడీలు బాలమణి చేతులకి వేశాడు.

గడియారంలో పది యాభై. ముఠా చూసింది ఎనిమిది. కొనేసిన సెంట్రీ ఉన్నది ఏడో స్తంభం దగ్గర. అంటే బాంబు మాట్లాడుకోని చోటికి పోయింది. వెంకట్రాములు స్టేషన్ మాస్టర్ గదిలోకి పరిగెత్తాడు. మోకాళ్ళు ఏమన్నాయో అతనికి గుర్తులేదు. బ్రిడ్జి గార్డు ఫోన్ ఎత్తాడు.

"నీలిమందు ఉందా?" అని గుర్తు మాట అడిగాడు వెంకట్రాములు.

"ఉంది గాని తడిసింది," అని అవతలి గొంతు కోడ్ వర్డ్ అప్పజెప్పింది.

"ఎనిమిదో స్తంభం దగ్గర ఎవరు డ్యూటీ?"

"కృష్ణయ్య సార్. ఇందాకట్నుంచి మొత్తుకుంటుండు. పుట్టిల నలుగురు చేపలోళ్ళు స్తంభం కాడ జరసేపు ఆగిండ్రంట, తుపాకి చూపెట్టి ఎల్లగొట్టిండంట."

"వాళ్ళని పట్టుకోండి! స్తంభం కింద నీటి మట్టం దగ్గర చూడండి! రైలుకి ఎర్ర జెండా చూపించండి!"

"రైలు బ్రిడ్జి ఎక్కింది సార్."

ఫోన్‌లో పరుగుల చప్పుడు. కేకలు. ఇంజను కూత. వెంకట్రాములు కళ్ళు మూసుకున్నాడు. ఆరు వందల మంది. వాళ్ళలో మల్లన్నలెందరో, కురుమూర్తులెందరో. రైలు మోత ఫోన్‌లోంచి చెవిలో పడి, అట్లాగే సాగి సాగి, సన్నబడింది.

"సార్?" గార్డు రొప్పుతున్నాడు. "కృష్ణయ్య నీళ్ళల్లకి దుంకి వైరు కోసిండు. గడియారంల ఇంక అర నిమిషమే ఉండె. రైలు దాటింది. పుట్టి దొరికింది."

వెంకట్రాములు రిసీవర్ పెట్టి అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి ఎవరో మంచినీళ్ళ చెంబు అందించారు. చూస్తే నేతగాడు.

"సారూ, నన్ను ఇంటికి పొమ్మంటరా? మగ్గం మీద పని ఆగింది."

"పో తాతా. పైలంగ పో," అన్నాడు వెంకట్రాములు. ఆ మనిషి తన కాళ్ళ మీద తను నడిచి స్టేషన్ గేటు దాటేదాకా చూస్తూ కూర్చున్నాడు.

ఆ రాత్రి అతను కడుపు నిండా తిన్నాడు.

రిపోర్టులో ఒక్క వాక్యమే రాశాడు: 'ఘనత కురుమూర్తిది.' రెండు నెలలకి సర్కారు బ్యాండు మేళంతో వెండి మెడల్ పంపింది. అది అమ్రాబాద్‌లో ఫారెస్టు గార్డు కురుమూర్తికి చేరింది. ఆయన జన్మలో గద్వాల చూడలేదు, ఎందుకిచ్చారో అడగలేదు. మెడల్ సరైన మనిషికే చేరిందా అని అడుగుతూ వెంకట్రాములుకి ఫైలు వచ్చింది. తన సర్వీసులో తప్పు మనిషికి మంచి జరగడం అదే మొదటిసారి కనుక, అతను దాని మీద 'సరైన వ్యక్తే' అని రాసి సంతకం పెట్టాడు.